పంపుకి పెద్ద బ్యాటరీ, అమ్మాయికి చిన్న బ్యాటరీ: నేను తిరగేసి వేసిన లెక్క

ఈసారి నల్లి గురించి కాదు, మిర్చి రేటు గురించి కూడా కాదు. బ్యాటరీ గురించి రాస్తున్నా. మనకెందుకులే అని దాటేయకండి. ఇప్పుడు మన ఊళ్ళల్లో డిగ్రీయో బీటెక్కో చదివే పిల్లలున్న ఇంట్లో కొంతమంది దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. అది కూడా కొత్తది కాదు, ఆఫీసుల్లో వాడి పక్కన పెట్టింది తెచ్చుకున్నదే. దాని బ్యాటరీ పోతుంది. పోయినప్పుడు షాపువాడు రెండు చూపిస్తాడు. ఒకటి మామూలుది, ఇంకొకటి పెద్దది. ఏది కొనాలనే దగ్గర నేను తప్పు చేయబోయాను. అంతకు ముందు మందు పంపు విషయంలో తప్పు చేసేశాను కూడా. రెండూ కలిపి చెప్తా, అప్పుడే అర్థమవుతుంది.

ముందు పంపు కథ. నాకు ఎకరం మిరప, రెండెకరాల పత్తి. మూడేళ్ళ కింద ఛార్జింగ్ పంపు కొందామని వెళ్తే రెండు రకాలు పెట్టారు. 12 వోల్టుల 8 ఆంపియర్ బ్యాటరీది ఒకటి, 12 ఆంపియర్ బ్యాటరీది ఒకటి. 900 రూపాయలు తేడా. "అన్నా, పెద్దది తీసుకో, రోజంతా కొట్టుకోవచ్చు" అన్నాడు షాపతను. రోజంతా అనే మాట వినగానే నేను ఇంకేమీ అడగలా. జేబులోంచి తీసి ఇచ్చేశా. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంటికొచ్చాక తెలిసింది. అసలు మనం రోజంతా మందు కొడతామా? పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఎండెక్కేలోపు పదింటికి ఆపేస్తాం. మళ్ళీ నాలుగు దాటాకే. మధ్యలో అయిదారు గంటలు పంపు ఇంట్లోనే ఉంటుంది, ప్లగ్గు పక్కనే. ఎకరం మిరపకి పది పన్నెండు ట్యాంకులు. దానికి 8 ఆంపియర్లది సరిపోతుంది. మిగిలిందేదైనా ఉంటే మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టుకుని సాయంత్రం కొట్టుకోవచ్చు. నాకు అక్కర్లేని నీళ్ళకి నేను పెద్ద తొట్టి కట్టించుకున్నానన్నమాట.

బరువు సంగతి ఇంకోటి. పంపులో ఉండేది సీసం బ్యాటరీ. 8 నుంచి 12కి వెళ్తే కిలో పైనే పెరుగుతుంది. కిలోయే కదా అనిపిస్తుంది. కానీ అప్పటికే వీపు మీద 16 లీటర్ల నీళ్ళు, పంపు బరువు ఉన్నాయి. దాని మీద ఇంకో కిలో పెట్టుకుని తడి సాళ్ళల్లో పది సార్లు తిరిగితే నడుముకి తెలుస్తుంది. మాకు మందు కొట్టడానికి వచ్చే తమ్ముడొకడు రెండో రోజే "అన్నా, నీ పంపు వద్దు, పక్క చేను వాళ్ళది అడిగి తెచ్చుకుంటా" అన్నాడు. నా కొత్త పంపు గట్టు మీద కూర్చుంది, పాత పంపు చేలో పని చేసింది.

అసలు దెబ్బ అదీ కాదు. పంపుతో ఇచ్చిన ఛార్జర్ 1.7 ఆంపియర్లది. 8 ఆంపియర్ బ్యాటరీని అది అయిదారు గంటల్లో నింపుతుంది. 12 ఆంపియర్లది నిండాలంటే ఎనిమిది, తొమ్మిది గంటలు కావాలి. నేను రాత్రి పదింటికి పెట్టి తెల్లారి అయిదింటికి పీకేవాణ్ణి. మధ్యలో కరెంటు పోతే ఇంకా తక్కువ. అంటే ఆ బ్యాటరీ ఏ రోజూ పూర్తిగా నిండలేదు. సీసం బ్యాటరీకి అర ఛార్జింగుతో ఉండిపోవడం కంటే చెడ్డది లేదు. లోపల పలకల మీద గట్టిగా పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు ఉన్నంత మేర బ్యాటరీ చచ్చినట్టే. పైగా మార్చిలో కాయ కోతలయ్యాక పంపుని అటక మీద పెట్టి జూన్ దాకా దించలా. ఏడాది తిరిగేసరికి మూడు ట్యాంకులకే మోటారు మూలగడం మొదలుపెట్టింది. మళ్ళీ 1,100 పెట్టి 8 ఆంపియర్ల బ్యాటరీ వేయించా. మొత్తం 2,000 రూపాయలు నా తొందరకి పోయినాయి.

ఇప్పుడు అమ్మాయి సంగతి.

మా అమ్మాయి డిగ్రీ కంప్యూటర్స్ చివరి ఏడాది. రోజూ బస్సులో నరసరావుపేట వెళ్ళొస్తుంది. రెండేళ్ళ కింద మిర్చి డబ్బుల్లోంచి ఒక పాత ల్యాప్‌టాప్ కొనిచ్చా. గట్టి సరుకు, ఆఫీసుల్లో వాడినది, అడుగున గొళ్ళెం తీస్తే బ్యాటరీ ఊడొచ్చే రకం. బ్యాటరీ అప్పటికే పాతది. మొదట్లో రెండు గంటలు వచ్చేది. తర్వాత గంట. "ఛార్జర్ పెట్టుకుని వాడుకోవచ్చుగా" అని నేను పట్టించుకోలా.

మొన్న దీపావళి ముందు ఒక కంపెనీ ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. గంటన్నర పరీక్ష, కెమెరా ఆన్‌లో ఉండాలి, మధ్యలో లేవకూడదు. ఇంట్లో టీవీ ఆపాం, మా ఆవిడ మిక్సీ కూడా వేయలా. మొదలైన పావుగంటకి కరెంటు పోయింది. ఫోన్‌లో నెట్ ఉంది కాబట్టి అమ్మాయి రాస్తూనే ఉంది. ఇంకో ముప్పావు గంటకి ల్యాప్‌టాప్ ఆరిపోయింది. మిగిలిన అరగంట పేపరు అట్లాగే ఉండిపోయింది. మళ్ళీ రాయనివ్వలేదు. ఏడవలేదు గానీ, ఆ రాత్రి అన్నం తినలా.

మర్నాడు ఇద్దరం పేట వెళ్ళాం. షాపులో రెండు బ్యాటరీలు బల్ల మీద పెట్టాడు. మామూలుది 6 సెల్లులది, 1,700. పెద్దది 9 సెల్లులది, 2,900. పెద్దది వెనకాల అంగుళం బయటికి పొడుచుకొస్తుంది. నాకు వెంటనే పంపు గుర్తొచ్చింది. ఈసారి మోసపోనని గట్టిగా అనుకున్నా. "మామూలుది చాలమ్మా. కొత్తది కాబట్టి పరీక్షకి రెండు గంటలు వస్తుంది. పెద్దవన్నీ డబ్బు గుంజడానికే" అన్నా. షాపువాడి ముందు తెలివైనోణ్ణి అనిపించుకోవాలని కూడా ఉందనుకోండి.

మా అమ్మాయి వాదించలేదు. "నాన్నా, ఒక్క నిమిషం లెక్క వేద్దాం" అని ఫోన్ తీసింది.

ఆ లెక్క మీకు కూడా చెప్తా, ఎందుకంటే షాపులో ఎవరూ చెప్పరు. బ్యాటరీ మీద వోల్టులు ఉంటాయి, ఎంఏహెచ్ అని ఒక అంకె ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే వోల్టు అంటే నీళ్ళ ట్యాంకు ఎంత ఎత్తున ఉందో అది. ఎంఏహెచ్ అంటే ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయో అది. పని ఎంత జరుగుతుందో తెలియాలంటే రెండూ హెచ్చవేసి వెయ్యితో భాగించాలి. అప్పుడొచ్చేది వాట్ అవర్లు. మామూలు బ్యాటరీ 10.8 వోల్టులు, 4400. హెచ్చవేస్తే ఇంచుమించు 48 వాట్ అవర్లు. పెద్దది 10.8 వోల్టులు, 6600. అది 71. చాలా బ్యాటరీల మీద ఈ అంకె చిన్న అక్షరాల్లో అచ్చువేసే ఉంటుంది, మనం చూడం.

ఒక్క ఎంఏహెచ్ చూసి పోల్చుకుంటే తప్పు పడతాం. 14.8 వోల్టుల 2200 బ్యాటరీ ఒక ల్యాప్‌టాప్‌లో ఉంటే, 10.8 వోల్టుల 4400 ఇంకో దాంట్లో ఉంటే, రెండోది రెట్టింపు కాదు. 32న్నరకి 47న్నర, అంతే. అట్లాగని ఒక వోల్టుల బ్యాటరీ తీసి ఇంకో వోల్టుల దాంట్లో పెట్టేది కాదు. 10.8, 11.1 అని రాసి ఉన్నవి మాత్రం ఒకే జాతి, దానికి భయపడక్కర్లేదు.

సరే, ల్యాప్‌టాప్ ఎంత తింటుంది? వాళ్ళది చదువుకునే, టైపు చేసే పనికి గంటకి 14 వాట్ అవర్లు తింటుందట. కెమెరా పెట్టి మాట్లాడితే 20 దాకా. అంటే మామూలు బ్యాటరీతో మూడు గంటల ఇరవై నిమిషాలు. పెద్దదానితో అయిదు గంటలు. నేను వెంటనే "చూశావా, పరీక్షకి మామూలుది చాలు" అన్నా.

అప్పుడు అన్న మాట ఇది. "పరీక్ష ఏడాదికి రెండు సార్లు వస్తుంది నాన్నా. కాలేజీ రోజూ ఉంటుంది."

నాకు తెలియని సంగతులు అప్పుడు బయటికొచ్చాయి. వాళ్ళ క్లాసులో ప్లగ్గులు రెండే ఉన్నాయట, అరవై మందికి. ముందు వచ్చినోళ్ళు వాటి పక్కన కూర్చుంటారు. మన బస్సు చేరేసరికి అవి ఉండవు. ప్రాజెక్టు పని రోజుకి నాలుగు గంటలు చెయ్యాలి. నాలుగు గంటలంటే 56 వాట్ అవర్లు. మామూలు బ్యాటరీ కొత్తగా ఉన్న రోజే 48. అంటే మొదటి రోజు నుంచే చాలదు. ఇన్నాళ్ళూ ఎట్లా చేశావమ్మా అంటే, మధ్యాహ్నం అన్నం టైములో అందరూ లేచాక ప్లగ్గు దగ్గర కూర్చుని ఛార్జింగ్ పెట్టుకునేదట. క్యారేజీ రోజూ సగం మిగిల్చి తెస్తోందని మా ఆవిడ తిట్టేది. కారణం ఇది.

ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు బాగా నచ్చింది. బ్యాటరీని కొన్న రోజు లెక్కతో కొనకూడదట, పాతబడ్డ రోజు లెక్కతో కొనాలట. ఈ లిథియం బ్యాటరీలు సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా నింపి ఖాళీ చేసేసరికి అయిదో వంతు పోగొట్టుకుంటాయి. 71లో అయిదో వంతు పోతే 57 మిగులుతుంది. ఆమెకి కావాల్సింది 56. 48లో పోతే 38. అది మూడు గంటలు కూడా రాదు. పైగా పెద్దదాన్ని రోజూ అడుగంటా వాడక్కర్లేదు కాబట్టి అరుగుదల కూడా నెమ్మది.

బరువు అడిగా. పంపు దెబ్బ తిన్నవాణ్ణి కదా. షాపువాడు తూచి చూపించాడు. తేడా 150 గ్రాములు. పంపులో కిలో పైనే, ఇక్కడ పావు కిలో కూడా లేదు. నా వాదన అక్కడ కూడా నిలబడలా.

నిజం చెప్తున్నా, అక్కడ నాకు సిగ్గేసింది. పంపు దగ్గర 900 ఎక్కువ అడిగితే ఒక్క మాట అడక్కుండా ఇచ్చినోణ్ణి. అదే అమ్మాయి చదువు వస్తువు దగ్గర 1,200 ఎక్కువంటే పెద్ద పొదుపరిలా బేరం పెట్టా. మనలో చాలామందికి ఈ గుణం ఉంది, కోపం తెచ్చుకోకండి. కొత్త మందు డబ్బా ఎంతన్నా కొంటాం, పని చేస్తుందో లేదో తెలియకపోయినా. ఇంట్లో ఆడపిల్ల ఇది కావాలి అని లెక్క చూపించి అడిగినా "ఇప్పుడు అంత అవసరమా" అంటాం. మగపిల్లాడైతే నేను అదే మాట అనేవాణ్ణా అని మా ఆవిడ తర్వాత అడిగింది. జవాబు చెప్పలేదు నేను.

పెద్దదే కొన్నాం.

అట్లాగని అందరూ పెద్దదే కొనండి అనడం లేదు. మా బావ కొడుకు గుంటూరులో హాస్టల్లో ఉంటాడు. మంచం పక్కనే ప్లగ్గు. కాలేజీకి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళేది వారానికి ఒక రోజు. వాడు కూడా పెద్దది కావాలంటున్నాడని బావ ఫోన్ చేశాడు. వద్దన్నా. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే మెషీనుకి పెద్ద బ్యాటరీ పెట్టడం, బోరు పక్కన ఇంకో బోరు వేయడం లాంటిది. బ్యాటరీ వాడకపోయినా వయసు దానికి వస్తూనే ఉంటుంది. నిండుగా, వేడిగా ఉంటే ఇంకా తొందరగా వస్తుంది. ఊళ్ళు తిరిగి సర్వే పని చేసే కుర్రాడైతే పెద్దది కొనాల్సిందే. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఒక ప్లగ్గు దగ్గర నుంచి లేచి మళ్ళీ ఇంకో ప్లగ్గు దొరికే దాకా ఎన్ని గంటలు పని చెయ్యాలి?

రెండు మామూలువి కొని మార్చుకోవచ్చు కదా అని కూడా అనుకున్నాం. 3,400 అవుతుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందనే ధైర్యం ఉంది. కానీ మార్చాలంటే ల్యాప్‌టాప్ ఆపాలి, రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి దాంట్లోనే పెట్టి నింపాలి. రాత్రి కరెంటు సంగతి మనకి తెలుసు. వద్దనుకున్నాం. ఇన్వర్టర్ పెట్టించమని కొందరన్నారు, అది కాలేజీకి బస్సెక్కి రాదుగా.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని చెప్తా. పాత మోడళ్ళకి అసలు కంపెనీ బ్యాటరీలు ఇప్పుడు దొరకడం కష్టం, ఎక్కువగా వేరే వాళ్ళు చేసినవే అమ్ముతారు. అవి తప్పని కాదు గానీ, పెద్ద డబ్బాలో నాసిరకం సెల్లులు పెట్టినవీ ఉంటాయి. అట్లాంటి 9 సెల్లుల దానికంటే మంచి 6 సెల్లులదే నయం. పైన అంకె చూసి నమ్మడం, సంచి మీద బొమ్మ చూసి విత్తనం కొనడం ఒకటే. అందుకే బిల్లు రాయించుకోవాలి, గ్యారంటీ ఎన్ని నెలలో బిల్లు మీదే రాయమనాలి. పాత బ్యాటరీని వెంట తీసుకెళ్ళి దాని మీద నంబరు కొత్తదానితో కలిపి చూడాలి.

ఇంటికి తెచ్చిన వారంలోనే పరీక్ష పెట్టాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని ఉంటుంది, అందులో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక రిపోర్టు తయారవుతుంది. పిల్లలకి చెప్తే నిమిషంలో తీస్తారు. అందులో డిజైన్ కెపాసిటీ అని ఒకటి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని ఒకటి ఉంటాయి. మొదటిది పుట్టినప్పటి బలం, రెండోది ఇప్పుడున్న బలం. మా పాత బ్యాటరీది తీస్తే 47,520కి 15,100 ఉంది. మూడో వంతు కూడా లేదు. ఈ రిపోర్టు పరీక్షకి ముందు వారం తీసి ఉంటే ఆ రోజు ఆ గతి పట్టేది కాదు. దీనికి రూపాయి ఖర్చు లేదు. మీ పిల్లల ల్యాప్‌టాప్‌కి ఇవాళే తీయించండి.

పిల్లలకి ఇప్పుడే కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్ళకి ఒక మాట. కొత్తవాటిలో చాలా వరకు బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, తర్వాత పెద్దది వేసుకుందాం అంటే కుదరదు. కాబట్టి కొనే రోజే ఎన్ని వాట్ అవర్లు అని అడగండి. రంగు, స్క్రీను తర్వాత.

దాచే పద్ధతి మాత్రం రెండిటికీ పూర్తిగా తిరగబడి ఉంటుంది, ఇది నాకు కొత్త. పంపు సీసం బ్యాటరీని నిండుగా నింపి దాచాలి, వాడకపోయినా నెలకోసారి మళ్ళీ నింపాలి. ల్యాప్‌టాప్ లిథియం బ్యాటరీని వారాల తరబడి వాడకపోతే సగం ఛార్జింగుతో చల్లటి చోట పెట్టాలి. నిండుగా పెట్టి ఎండలో వదిలేస్తే దానికి చేటు. మంచం మీద దుప్పట్లో పెట్టి వాడితే గాలాడక కాగిపోతుంది, చెక్క మీదో పళ్ళెం మీదో పెట్టుకోమనండి. ఉబ్బిన బ్యాటరీ కనపడితే ఇంక ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, తీసి షాపుకి ఇచ్చేయండి.

అయిదు నెలలయింది ఇప్పటికి. మొన్న ఆదివారం రిపోర్టు తీశాం, 71కి 69 ఉంది. వెనకాల పొడుచుకొచ్చిన భాగం మా వాళ్ళకి పిడిలా కనపడుతుంది, మా మేనల్లుడు దాన్ని పట్టుకుని లేపితే అమ్మాయి అరిచింది. బ్యాగు జిప్పు మాత్రం సరిగా పడటం లేదు, కుట్టు వేయించాలి. క్యారేజీ ఖాళీగా వస్తోంది. ఇంకో కంపెనీ పరీక్ష వచ్చే నెల్లో ఉంది.

మందు కొట్టే తమ్ముడు ఇప్పుడు మా పంపే అడుగుతున్నాడు. అది అటక మీద ఉంది, ఈ నెల ఛార్జింగ్ ఇంకా పెట్టలేదు. ఇది రాస్తుంటే గుర్తొచ్చింది, ఇప్పుడే దించి పెడతా.